శ్రవణ సాధనాలతో సాంఖ్యక శాస్త్ర అభ్యాసం

సగటు, విస్తృతి, సంభావ్యత, సహసంబంధం, పరికల్పన పరీక్ష వంటి సాంఖ్యక శాస్త్ర భావనలను ప్రధానంగా విని నేర్చుకునే పద్ధతిని శ్రవణ అభ్యాసం అంటారు. రేడియో పాఠాలు, క్యాసెట్లు, పాడ్‌కాస్టులు, స్క్రీన్ రీడర్లు, దత్తాంశాన్ని స్వరాలుగా మార్చే ఉపకరణాలు, ఇటీవల కృత్రిమ మేధ తయారుచేస్తున్న సంభాషణలు ఇందులోకి వస్తాయి. పట్టికలు, గ్రాఫులు, గ్రీకు అక్షరాలు నిండిన ఈ శాస్త్రం కంటికే గాని చెవికి లొంగదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అందులో సగమే నిజం. ఒక మెట్టు తర్వాత మరో మెట్టుగా సాగే తర్కాన్ని చెవి బాగానే అందుకుంటుంది. అంకెలన్నిటినీ ఒక్కసారిగా చూడవలసిన అమరిక దగ్గర తడబడుతుంది. ఈ రంగంలో నిలబడిన సాధనాలు ఎక్కువగా పేజీని ఉన్నదున్నట్టు చదివి వినిపించినవి కావు, చెవి కోసం పాఠాన్ని తిరగరాసినవి.

పూర్వరంగం

అచ్చు పుస్తకాలు రాకముందు గణితం చాలావరకు విని, వల్లెవేసి నేర్చుకునే విద్య. ఎక్కాలు అప్పజెప్పించడం వీధిబడుల నాటి నుంచి నేటిదాకా సాగుతూనే ఉంది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృత శ్లోకాల్లో రాసిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సంయోగాల సంఖ్యను లెక్కగట్టే సాధారణ సూత్రం మహావీరుడి గ్రంథంలో ఉంది. సంభావ్యత లెక్కల్లో నేటికీ అడుగడుగునా అక్కరకొచ్చే సూత్రమది.

ఛందస్సు సంగతి ఇంకా ఆసక్తికరం. పింగళుడి ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు మేరు ప్రస్తారాన్ని వివరించాడు. ఐరోపాలో ఇదే తర్వాత పాస్కల్ త్రిభుజంగా పేరుపడింది. దాని ఉపయోగం తెలుగు బడిలో గణవిభజన చేసిన ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. మూడక్షరాల గణాలు ఎనిమిది. మగణంలో మూడూ గురువులే. యగణ, రగణ, తగణాల్లో రెండేసి గురువులు. భగణ, జగణ, సగణాల్లో ఒక్కొక్కటి. నగణంలో ఒక్కటీ లేదు. అంటే 1, 3, 3, 1, మేరు ప్రస్తారంలోని ఒక వరుస. మూడు నాణేలు ఒకేసారి ఎగరేసినప్పుడు మూడు బొమ్మలు, రెండు, ఒకటి, అసలు పడకపోవడం అనే నాలుగు ఫలితాల సంభావ్యతలు కూడా వరుసగా 1/8, 3/8, 3/8, 1/8. ద్విపద విభాజనానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ దొరకదు. బోర్డు మీద ఏమీ రాయకుండా, గణాలను పైకి చదువుతూ గురువులు లెక్కపెట్టించి దీన్ని చెప్పవచ్చు.

రేడియో నుంచి పాడ్‌కాస్టు దాకా

ప్రసార మాధ్యమాల్లో సాంఖ్యక శాస్త్రానికి తొలినాళ్లలో పెద్దపీట వేసింది టెలివిజనే. 1961లో అమెరికాలో ఎన్‌బీసీ ‘కాంటినెంటల్ క్లాస్‌రూమ్’ కార్యక్రమంలో హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రెడరిక్ మోస్టెల్లర్ సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం పాఠాలు చెప్పాడు. ఆయన చేతిలో బోర్డు, బొమ్మలు ఉన్నాయి. గొంతు తప్ప మరేదీ లేకుండా లెక్కలు నేర్పవచ్చని పెద్ద ఎత్తున చూపింది మాత్రం నికరాగువా రేడియో గణిత పథకం. అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ నిధులతో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం 1974లో దాన్ని మొదలుపెట్టింది. ప్యాట్రిక్ సపెస్, బార్బరా సెర్ల్, జేమ్‌సిన్ ఫ్రెండ్ అందులో ముఖ్యులు. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజూ రేడియో పాఠం వచ్చేది. రేడియో గొంతు ప్రశ్న అడిగి ఆగేది. ఆ విరామంలో పిల్లలంతా జవాబు చెప్పేవారు, లేదా రాసేవారు. తర్వాత రేడియో సరైన జవాబు చెప్పేది. ఈ తరగతుల పిల్లలు మామూలు తరగతుల వారికంటే పరీక్షల్లో స్పష్టంగా మెరుగైన ఫలితాలు చూపారు. అక్కడ నేర్పింది అంకగణితమే అయినా, ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామాన్ని పాఠంలో భాగం చేసిన ఆ పద్ధతి ‘ఇంటరాక్టివ్ రేడియో బోధన’ పేరుతో తర్వాత అనేక దేశాలకు పాకింది.

1971లో తొలి విద్యార్థులను చేర్చుకున్న బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ మరో దారి తొక్కింది. మొదట బీబీసీ ప్రసారాల మీద ఆధారపడిన ఆ సంస్థ, క్యాసెట్లు చవకయ్యాక గణిత కోర్సుల్లో టేపుకు తోడుగా అచ్చు చట్రాల పుస్తకాన్ని ఇచ్చింది. అధ్యాపకుడి గొంతు ఒక చట్రం చూడమంటుంది, అందులో ఫలానా గడిని గమనించమంటుంది, టేపు ఆపి లెక్క చేయమంటుంది. తర్కం చెవికి, అమరిక కంటికి పంచి ఇచ్చిన ఏర్పాటిది. ప్రసారాన్ని ఆపడం శ్రోత చేతిలో ఉండదు, టేపును ఆపవచ్చు. విద్యార్థి వేగానికి పాఠం లోబడింది ఇక్కడే.

2001లో బీబీసీ రేడియో 4లో మొదలైన ‘మోర్ ఆర్ లెస్’ వార్తల్లోని అంకెలను పరీక్షించే కార్యక్రమం. తొలి వ్యాఖ్యాత ఆండ్రూ డిల్‌నాట్, 2007 నుంచి టిమ్ హార్‌ఫర్డ్. ఫలానా పథకానికి ఇన్ని కోట్లు అన్నప్పుడు ఎంతమందికి, ఎన్నేళ్లకు అని అడగడం, శాతం పెరిగిందంటే దేనిమీద పెరిగిందని నిలదీయడం దాని తీరు. సూత్రం ఒక్కటీ చెప్పకుండానే శాంపిల్, భాజకం, పోలిక వంటి మూల భావనలు శ్రోతకు పట్టుబడేలా చేసింది. పాడ్‌కాస్టుల కాలంలో అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయం నుంచి ‘స్టాట్స్ ప్లస్ స్టోరీస్’, రోజర్ పెంగ్, హిలరీ పార్కర్‌ల ‘నాట్ సో స్టాండర్డ్ డీవియేషన్స్’, బేస్ పద్ధతులకే అంకితమైన ‘లెర్నింగ్ బేసియన్ స్టాటిస్టిక్స్’ వంటివి వచ్చాయి. వీటిలో చాలావరకు పాఠ్యక్రమం ప్రకారం సాగవు. గణాంకవేత్తలు ఎలా ఆలోచిస్తారో, ఎక్కడ అనుమానిస్తారో వినిపిస్తాయి. పరీక్షకు చదివేవారికి ఇవి ప్రధాన పాఠానికి తోడు మాత్రమే.

వినేటప్పుడు మనసులో జరిగేది

చదివేవాడు అర్థం కాని వాక్యం దగ్గరికి కన్ను వెనక్కి తిప్పగలడు. వినేవాడికి మాట వచ్చి వెళ్లిపోతుంది. అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో ప్రతిపాదించిన క్రియాత్మక స్మృతి నమూనా ప్రకారం విన్న మాటలను తాత్కాలికంగా పట్టి ఉంచే భాగం వేరు, దృశ్యాలను పట్టి ఉంచే భాగం వేరు. మనసులో తిప్పి చెప్పుకోకపోతే మొదటిదాంట్లో మాట సుమారు రెండు సెకన్లలో చెరిగిపోతుంది.

దీని ప్రభావం ఏడు అంకెల చిన్న జాబితాతోనే తెలుస్తుంది. 43, 51, 38, 47, 60, 55, 49 అని ఒకరు నెమ్మదిగా చదువుతున్నారనుకుందాం. సగటు కావాలంటే వినేవాడు ఒక్క మొత్తాన్ని గుర్తుపెట్టుకుంటూ పోతే చాలు: 43, 94, 132, 179, 239, 294, 343. ఏడుతో భాగిస్తే 49. మధ్యగతం కావాలంటే ఏడింటినీ మనసులో ఉంచి, ఆరోహణ క్రమంలో పేర్చి, నాలుగోదాన్ని పట్టుకోవాలి. జవాబు ఇక్కడా 49 అయినా, కాగితం లేకుండా ఆ పని చేయగలిగేవారు తక్కువ. పుస్తకంలో మధ్యగతం సులువైన పాఠం, సగటు కాస్త లెక్క ఉన్న పాఠం. చెవి దగ్గర ఈ కష్టసుఖాలు తారుమారవుతాయి.

జాన్ స్వెల్లర్ 1980ల చివర్లో రూపొందించిన బౌద్ధిక భార సిద్ధాంతం ఈ ఇబ్బందిని వివరిస్తుంది. పొడవైన, చిక్కైన సమాచారం మాటగా వస్తే, ముందు భాగాన్ని పట్టుకోవడానికే శక్తి ఖర్చయి అర్థం చేసుకోవడానికి మిగలదు. అదే సిద్ధాంతం నుంచి మరో వైపు ఆధారమూ ఉంది. 1995లో మూసవి, లో, స్వెల్లర్ జరిపిన ప్రయోగాల్లో రేఖాగణిత పటాన్ని చూస్తూ వివరణను విన్న విద్యార్థులు, పటంతో పాటు వివరణను కూడా చదివిన వారికంటే మెరుగ్గా నేర్చుకున్నారు. ఓపెన్ యూనివర్సిటీ చట్రాల పుస్తకానికి ఇది తర్వాతి కాలంలో దొరికిన సమర్థన అనుకోవచ్చు.

చదవడానికీ వినడానికీ మధ్య పోటీ పెట్టిన పరిశోధనలు ఒకే జవాబు ఇవ్వలేదు. 2010లో డేనియల్, వుడీ చేసిన అధ్యయనంలో ఒకే వ్యాసాన్ని పాడ్‌కాస్టుగా విన్న కళాశాల విద్యార్థులు, చదివిన వారికంటే పరీక్షలో బాగా వెనకబడ్డారు. 2016లో రొగోవ్‌స్కీ బృందం కథనం లాగా సాగే ఒక వాస్తవ గాథను చదివించి, వినిపించి, రెండూ చేయించి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండింటినీ పక్కపక్కన పెడితే కథనానికి చెవి చాలునని, ముందుకూ వెనక్కీ చూసుకోవలసిన పాఠ్యానికి అది చాలదని తోస్తుంది. కొందరు పుట్టుకతోనే ‘శ్రవణ అభ్యాసకులు’ అన్న ప్రచారానికి మాత్రం బలం తక్కువ. 2008లో పాష్లర్ బృందం జరిపిన సమీక్షలో అభ్యాస శైలిని బట్టి బోధన మార్చితే ఫలితం పెరుగుతుందనడానికి తగిన ఆధారాలు దొరకలేదు.

చెవికి తగిన భావనలు

చెవి కోసం పాఠాన్ని తిరగరాయడమంటే ఏమిటో చెప్పడానికి బేస్ సిద్ధాంతం మంచి ఉదాహరణ. పాఠ్యపుస్తకం ఇలా అడుగుతుంది: ఒక వ్యాధి జనాభాలో 1 శాతానికి ఉంది. ఉన్నవారిలో 90 శాతాన్ని పరీక్ష పట్టుకుంటుంది. లేనివారిలో 5 శాతానికి పొరపాటుగా పాజిటివ్ చూపుతుంది. పాజిటివ్ వచ్చిన వ్యక్తికి వ్యాధి ఉండే సంభావ్యత ఎంత? మూడు శాతాలు, మూడు వేర్వేరు భాజకాలు. విన్నవాడు చాలాసార్లు 90 శాతం అనేస్తాడు.

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు గెర్డ్ గిగరెంజర్, ఉల్‌రిక్ హాఫ్‌రాగె 1995లో చూపిన దారి శాతాలను మనుషుల లెక్కగా మార్చడం. వెయ్యి మంది ఉన్నారు. వారిలో పదిమందికి వ్యాధి. ఆ పదిమందిలో తొమ్మిది మందికి పాజిటివ్ వచ్చింది. మిగతా 990 మందిలో దాదాపు 50 మందికీ పాజిటివ్ వచ్చింది. మొత్తం పాజిటివ్‌లు 59. వాటిలో అసలువి తొమ్మిదే, అంటే సుమారు 15 శాతం. ఇక్కడ సూత్రం మాయమై కథ మిగిలింది. ప్రతి వాక్యం ముందు వాక్యంలోని మనుషులనే రెండు గుంపులుగా చీలుస్తుంది కాబట్టి వినేవాడికి దారి తప్పదు.

పి-విలువ, విశ్వాస అంతరం వంటివి మరో రకం. వీటిలో లెక్క కంటే వాక్యం ముఖ్యం. పి-విలువ 0.03 అంటే, శూన్య పరికల్పన నిజమైతే ఇంతటి లేదా ఇంతకు మించి విపరీతమైన ఫలితం వచ్చే సంభావ్యత 3 శాతం. శూన్య పరికల్పన నిజమయ్యే సంభావ్యత 3 శాతం అనడం తప్పు. రెండు వాక్యాలూ చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఈ పొరపాటు ఎంత వ్యాపించిందంటే, 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పి-విలువపై ప్రత్యేక ప్రకటన విడుదల చేసింది. మంచి శ్రవణ పాఠం నిర్వచనం చదివి ఊరుకోదు. ఒక వాక్యం చెప్పి ఆగుతుంది, తప్పో ఒప్పో శ్రోత చేత చెప్పించి, కారణం వివరిస్తుంది. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే గుర్తుతెచ్చుకోవడం వల్లే ఎక్కువకాలం నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికీ చూపారు. శబ్దంతో కార్డులు తయారుచేసుకునే వీలున్న ఆంకీ వంటి ఉపకరణాలు ఈ సూత్రం మీదే నడుస్తాయి.

యాదృచ్ఛికత అనే భావన కాగితం మీదకంటే చెవికి సూటిగా అందుతుంది. గైగర్ కౌంటర్ టిక్కుల్లో లయ ఉండదు. రెండు మూడు ఒక్కసారిగా పడతాయి, తర్వాత నిశ్శబ్దం. ఇలాంటి పాయిజాన్ ప్రక్రియలో సంఘటనలు సమదూరంలో ఉండవు, గుంపులు గుంపులుగా వస్తాయన్న సంగతి ఆ శబ్దంలోనే ఉంది. నాణెం ఫలితాలను రెండు స్వరాలుగా వినిపించినా అంతే. నిజంగా ఎగరేసిన 100 సార్లలో బొమ్మో బొరుసో వరుసగా ఐదుసార్లు పడే సంభావ్యత సుమారు 97 శాతం. మనుషులు ఊహించి రాసిన వరుసల్లో స్వరం ఉండవలసిన దానికంటే తరచుగా మారుతుంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వింటే కల్పితమేదో కొద్దిసేపట్లోనే దొరికిపోతుంది.

సూత్రాన్ని గొంతుతో చెప్పడం

‘ఎక్స్ మైనస్ మ్యూ బై సిగ్మా’ అని తరగతిలో వింటుంటాం. బోర్డు కనిపిస్తుంటే ఇబ్బంది లేదు. కనిపించకపోతే భాగహారం దేనికి వర్తిస్తుందో తెలియదు. ఎక్స్ 70, మ్యూ 50, సిగ్మా 10 అయితే ఒక అర్థంలో జవాబు 2, మరో అర్థంలో 65. అలాగే 1, 2, 3 అనే విలువలకు వర్గాల మొత్తం 14, మొత్తానికి వర్గం 36. ‘సమ్మేషన్ ఎక్స్ స్క్వేర్’ అన్న మాట రెంటికీ సరిపోతుంది.

ఈ సందిగ్ధాన్ని తొలగించడానికి చాలా కృషి జరిగింది. అంధ గణిత శాస్త్రవేత్త అబ్రహాం నెమెత్ గణితానికి బ్రెయిలీ లిపిని రూపొందించడమే కాక, సూత్రాలను పైకి చదవడానికి ‘మ్యాథ్‌స్పీక్’ నియమాలను కూడా ఏర్పరిచాడు. భిన్నం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పలికి చెప్పడం అందులో కీలకం. 1983లో లారెన్స్ చాంగ్ గణితాన్ని చదివి వినిపించేవారి కోసం ఒక కరదీపిక తెచ్చాడు. పుణెలో పుట్టి అమెరికాలో స్థిరపడిన అంధ కంప్యూటర్ శాస్త్రవేత్త టి.వి. రామన్ 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన ‘ఆస్టర్’ మరో ముందడుగు. గణిత పత్రాలు కూర్చే లేటెక్‌లో రాసిన పత్రాన్ని కంప్యూటరు చదువుతూ, ఘాతాంకాల దగ్గర గొంతు స్థాయి పెంచుతుంది, పాదాంకాల దగ్గర తగ్గిస్తుంది. వినేవాడు సూత్రంలో తనకు కావలసిన భాగానికి మాత్రమే వెళ్లి వినవచ్చు. వెబ్‌లో గణితాన్ని నిర్మాణంతో సహా రాసే మ్యాథ్‌ఎంఎల్ ప్రమాణం 1998లో వచ్చాక ఈ ఆలోచనలు సాధారణ బ్రౌజర్లకు, స్క్రీన్ రీడర్లకు చేరాయి. సూత్రాన్ని బొమ్మగా అతికించిన పేజీలో మాత్రం ఇవేవీ పనిచేయవు.

ధ్వనీకరణ

దత్తాంశాన్ని మాటగా కాక స్వరంగా మార్చడం ధ్వనీకరణ. విలువ పెరిగితే స్వరం హెచ్చుతుంది, తగ్గితే దిగుతుంది. 1992లో ఈ రంగపు పరిశోధకుల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగింది. నెబ్రాస్కాలో జాన్ ఫ్లవర్స్, అతని సహచరులు 1990లలో చేసిన ప్రయోగాలు సాంఖ్యక శాస్త్ర బోధనకు దగ్గరివి. ప్రకీర్ణ చిత్రాలను కొందరికి చూపించి, కొందరికి స్వరాలుగా వినిపిస్తే, సహసంబంధం ఎంతుందో అంచనా కట్టడంలో రెండు గుంపులూ దాదాపు సమానంగా నిలిచాయి.

కేవలం అంకెలను చదివి వినిపించడానికీ, ధ్వనీకరణకూ తేడాను ఫ్రాన్సిస్ ఆన్స్‌కూంబ్ 1973లో ప్రచురించిన నాలుగు దత్తాంశాలు చూపుతాయి. ఒక్కోదానిలో 11 జతలు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, సహసంబంధ గుణకం సుమారు 0.816. సారాంశాలు చదివితే నాలుగూ ఒకటే. ఎక్స్ క్రమంలో వై విలువలను స్వరాలుగా పలికిస్తే మొదటిది కొద్దిగా అటూఇటూ ఊగుతూ పైకి వెళ్తుంది. రెండోది నున్నగా ఎక్కి, చివర్లో వంగి దిగుతుంది. మూడోది సమంగా మెట్లెక్కుతూ ఒక్కచోట అకస్మాత్తుగా కీచుమంటుంది. నాలుగోదానిలో పది స్వరాలు ఒకే క్షణాన కలిసి మోగి, చాలాసేపటికి ఒంటరిగా మరొకటి వినిపిస్తుంది. గ్రాఫు గీయకుండా సగటును నమ్మవద్దన్న పాఠం చెవికీ అందుతుంది.

గ్రాఫింగ్ కాలిక్యులేటర్ డెస్‌మోస్‌లో వక్రాన్ని వినే సదుపాయం ఉంది. యాపిల్ 2021లో ఐఓఎస్ 15తో ఆడియో గ్రాఫులను ప్రవేశపెట్టింది. స్వరంతో దిశ, వంపు, విపరీత విలువ బాగా తెలుస్తాయి. విలువ 7.2నా 7.6నా అన్నది తెలియదు. ఒకేసారి మూడు నాలుగు గీతలు వినిపిస్తే గందరగోళమే.

చూపులేని అభ్యాసకులు

కళ్లున్నవారికి శ్రవణ సాధనం ఒక సౌకర్యం. చూపులేనివారికి చదువుకు అదే దారి. అందుకే ఈ రంగంలో మేలైన ఆలోచనలు చాలావరకు వారి నుంచే వచ్చాయి. న్యూజీలాండ్ మాసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అంధ గణాంకవేత్త జోనథన్ గాడ్‌ఫ్రీ సాంఖ్యక విశ్లేషణకు వాడే ఆర్ భాషకు ‘బ్రెయిల్‌ఆర్’ అనే ప్యాకేజీ రాశాడు. హిస్టోగ్రామ్ గీయమంటే అది బొమ్మతో ఆగదు. ఎన్ని తరగతులున్నాయి, ఒక్కోదానిలో ఎన్ని విలువలున్నాయి, అక్షం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంది అన్నవి వాక్యాలుగా ఇస్తుంది. స్క్రీన్ రీడర్ వాటిని చదువుతుంది.

ఆర్ వంటి ఆజ్ఞల భాషలు మౌస్‌తో నడిచే సాఫ్ట్‌వేర్ల కంటే స్క్రీన్ రీడర్‌కు అనువైనవి. ఇచ్చే ఆజ్ఞా, వచ్చే ఫలితమూ రెండూ పాఠ్యమే కాబట్టి. ఆస్ట్రేలియాలో పుట్టిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్. దానితో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు కూడా వచ్చు. మన దేశంలో 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ గ్రంథాలయం డైసీ వంటి రూపాల్లో పుస్తకాలు అందిస్తోంది. డైసీ రూపంలో అధ్యాయం, విభాగం, పేజీ వారీగా ముందుకూ వెనక్కీ వెళ్లవచ్చు. సాంఖ్యక శాస్త్ర పుస్తకాన్ని మామూలు ఆడియో ఫైలుగా వినడానికీ, ఇలా వినడానికీ చాలా తేడా ఉంది.

కృత్రిమ మేధ సంభాషణలు

గూగుల్ నోట్‌బుక్‌ఎల్ఎం 2024 సెప్టెంబరులో ‘ఆడియో ఓవర్‌వ్యూ’ సదుపాయాన్ని తెచ్చింది. విద్యార్థి తన నోట్సునో అధ్యాయాన్నో అప్పగిస్తే ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టుండే ఆడియో తయారవుతుంది. 2025లో దీన్ని 50కి పైగా భాషలకు విస్తరించారు. భారతీయ భాషలు కూడా అందులో ఉన్నాయి. ఒక గొంతు అడగడం, మరో గొంతు వివరించడం కథనం లాగా సాగుతుంది కాబట్టి వినబుద్ధవుతుంది. అధ్యాయంలో ఏముందో తొలిసారి తెలుసుకోవడానికి, పరీక్ష ముందు పునశ్చరణకు పనికొస్తుంది.

సాంఖ్యక శాస్త్రం విషయంలో జాగ్రత్తలు రెండు. ఈ సంభాషణల్లో తప్పులు దొర్లవచ్చని తయారీదారే హెచ్చరిస్తోంది. పి-విలువ ఉదాహరణలో చూసినట్టు, ఈ శాస్త్రంలో ఒక్క మాట అటూఇటూ అయితే అర్థం తలకిందులవుతుంది. తడబాటు లేని గొంతు ఆ తప్పును కప్పేస్తుంది. రెండోది, సాఫీగా సాగే మాటలు విన్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. విన్న వెంటనే ఒక లెక్క చేసి చూసుకుంటే తప్ప అసలు సంగతి బయటపడదు.

వినే పద్ధతి, పరిమితులు

నడుస్తూ, బస్సులో వెళ్తూ వినవచ్చన్నది శ్రవణ సాధనాలకు పెద్ద ఆకర్షణ. ధ్యాస చెదరడం ఇక్కడ ఎక్కువని 2013లో వరావ్ సౌసా బృందం జరిపిన అధ్యయనం చూపింది. వింటున్నవారి మనసు, మౌనంగానో పైకో చదువుతున్నవారి మనసుకంటే తరచుగా పక్కదారి పట్టింది. కాబట్టి ప్రయాణంలో తెలిసిన పాఠాన్ని తిరిగి వినడం, కొత్త పాఠాన్ని కాగితం, కలం దగ్గర పెట్టుకుని కూర్చున్నప్పుడు వినడం మేలు. కథనం ఉన్న భాగాన్ని వేగంగా వినిపించుకోవచ్చు. సూత్రం వచ్చిన చోట మామూలు వేగానికి రావాలి. బహుచలరాశి రిగ్రెషన్ పట్టికలు, మాత్రికలు, సూత్రాల ఉపపత్తులు ఎంత తిరగరాసినా చెవికి బరువే. సంచిత పౌనఃపున్యాలను చూపే ఓజివ్ వక్రం గీయడం చేతితో గీస్తేనే వస్తుంది.

తెలుగులో

ఆధునిక సాంఖ్యక శాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధుడైన సి.ఆర్. రావు తెలుగువాడు. 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1945 నాటి ఆయన పరిశోధన పత్రం నుంచే క్రామర్-రావు అసమానత వచ్చింది. సామాన్య పాఠకుల కోసం ఆయన రాసిన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకం మొదట 1987లో ఇచ్చిన రామానుజన్ స్మారకోపన్యాసాలుగా శ్రోతలకు చేరింది. సూత్రాలు తగ్గించి, ఉదాహరణలు వరుసగా పేర్చిన ఆ నడకలో ఉపన్యాసపు జాడ తెలుస్తుంది.

1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలో ఆ కోవకు చెందిన మొదటిది. అచ్చు పుస్తకాలకు తోడుగా ఆకాశవాణి ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. ఐఐటీ బొంబాయి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పథకం కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ పాఠాలకు తెలుగుతో సహా భారతీయ భాషల్లో గొంతు ఇస్తోంది. సాంఖ్యక శాస్త్ర భావనలను చెవి కోసమే తెలుగులో తయారుచేసిన సామగ్రి మాత్రం చాలా తక్కువ.

అడ్డంకుల్లో మొదటిది అక్షరాలది. అను ఫాంట్ల వంటి యూనికోడేతర ఖతుల్లో కూర్చిన పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్‌కు ఇస్తే అర్థంలేని శబ్దాలు వస్తాయి. రెండోది పరిభాష. తెలుగు అకాడమీ పుస్తకాల్లో అంకమధ్యమం, మధ్యగతం అంటాం. విస్తృతి, విస్తరణ, వ్యాప్తి అంటాం. కంటికి వేరుగా కనిపించే ఈ మాటలు చెవికి ఒకదానిలా ఒకటి వినిపిస్తాయి. తరగతి గదిలో అందరూ వాడే మీన్, మీడియన్, వేరియెన్స్, రేంజ్ అన్న మాటలను మొదటి ప్రస్తావనలో పక్కనే పలికితే ఈ చిక్కు తీరుతుంది.

తెలుగు వాక్యంలో ఒక అనుకూలత కూడా ఉంది. ప్రామాణిక విచలనం సూత్రాన్ని గుర్తుల్లో చదవకుండా, ‘ప్రతి విలువలోంచీ సగటు తీసేసి, వచ్చిన తేడాను వర్గం చేసి, ఆ వర్గాలన్నీ కూడి, విలువల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీయాలి’ అంటే మొత్తం ఒక్క వాక్యం. క్రియలు ఏ వరుసలో వచ్చాయో లెక్క అదే వరుసలో చేయాలి. బ్రాకెట్టు ఎక్కడ మూసుకుందో విడిగా చెప్పనక్కర్లేదు. ఇలా రాసిన పాఠాన్ని రేడియోలో మనిషి చదివినా, ఫోనులో యంత్రం చదివినా వినేవాడి చేతిలో లెక్క పూర్తవుతుంది.